ఖాళీ స్లాటు కథ

కంప్యూటరు చరిత్ర రాసేవారు సాధారణంగా ప్రాసెసరు గురించి రాస్తారు. ఏ యేట ఎంత వేగం, ఎన్ని ట్రాన్సిస్టర్లు, ఎవరిది పైచేయి అని లెక్కలు కడతారు. నాకు మాత్రం ఆ పెట్టెలో అన్నిటికన్న ఆసక్తికరంగా తోచేది ఏమీ లేని చోటు: మదర్‌బోర్డు మీద నోరు తెరుచుకుని ఖాళీగా ఉండే స్లాటు. దాన్ని అక్కడ ఉంచిన తయారీదారు "ఈ యంత్రం ఇంకా పూర్తి కాలేదు, మిగిలినది నీ ఇష్టం" అని కొన్నవాడికి చెబుతున్నాడు. దాన్ని తీసివేసిన తయారీదారు "నీకేం కావాలో నాకు తెలుసు, మూత తీయకు" అంటున్నాడు. నాలుగు దశాబ్దాలకు పైగా ఈ రెండు మాటల నడుమ సాగుతున్న పేచీ చాలావరకు గ్రాఫిక్స్ కార్డు చుట్టూనే తిరిగింది. కారణం సులువుగానే ఊహించవచ్చు. పెట్టెలో అందరికన్న ముందు ముసలిదయ్యేది అదే, ధర తగ్గించుకోవాలనుకున్నప్పుడు తయారీదారు చేతికి ముందు తగిలేదీ అదే.

గ్రాఫిక్స్ కార్డు అనగానే పిల్లల ఆటలు గుర్తుకు రావడం సహజం. ఆటల సంగతి తరువాత చూద్దాం. ఈ కార్డు చరిత్రలో తొలి పెద్ద మలుపు లిపి కోసం వచ్చింది. అదీ మన లిపికి చుట్టమైన ఒక లిపి కోసం. అందుకే సాహిత్యం మాట్లాడుకునే చోట ఈ ఇనుప ముక్కల గొడవేమిటని మిత్రులు విసుక్కోరని ధైర్యం చేస్తున్నాను.

1981 ఆగస్టు 12న ఐబీఎం తన పర్సనల్ కంప్యూటరును ప్రకటించింది. ఫ్లోరిడా రాష్ట్రంలోని బోకా రేటన్ అనే ఊళ్ళో డాన్ ఎస్ట్రిడ్జ్ నాయకత్వాన ఒక చిన్న బృందం ఏడాది కాలంలో దాన్ని తయారుచేసింది. ఆ తొందరలో చాలా భాగాలు బయట కొన్నవే. బోర్డు మీద ఐదు స్లాట్లు ఉండేవి. నేటివారికి వింతగా తోచే సంగతి ఏమిటంటే, తెర మీద అక్షరం కనబడే ఏర్పాటు ఆ బోర్డులో లేదు. ఐదు స్లాట్లలో ఒకదానిలో డిస్ప్లే కార్డు పెడితేనే యంత్రం మాట్లాడుతుంది. ఐబీఎం రెండు కార్డులు అమ్మింది. ఒకటి మోనోక్రోము కార్డు. ఇందులో బొమ్మ గీయడమన్న మాటే లేదు, వరుసకు 80 అక్షరాల చొప్పున 25 వరుసలు, అంతే. అయితే ఒక్కొక్క అక్షరానికి 9 చుక్కల వెడల్పు, 14 చుక్కల ఎత్తు ఉన్న గడి కేటాయించినందువల్ల అక్షరాలు ముత్యాల్లా కనబడేవి. రెండవది రంగుల కార్డు. 320 చుక్కల వెడల్పు, 200 చుక్కల ఎత్తు, నాలుగు రంగులు. రంగు అక్కరలేదనుకుంటే వెడల్పు 640 చుక్కలకు పెరిగేది. దానిలో అక్షరానికి దక్కేది 8 చుక్కల గడి మాత్రమే. చదివితే కళ్ళు పీకేవి.

అంటే కొనేవాడి ముందు ఒక చిక్కు ప్రశ్న పెట్టారన్నమాట: అక్షరం కావాలా, బొమ్మ కావాలా? రెండూ కావాలన్నవాడు రెండు కార్డులూ కొని, రెండు మానిటర్లు పెట్టుకోవలసిందే. ఈ కార్డుల జ్ఞాపకశక్తికి వేరువేరు చిరునామాలు ఇచ్చినందువల్ల రెండూ ఒకే పెట్టెలో పోట్లాడుకోకుండా ఉండేవి. ప్రోగ్రాములు రాసేవారిలో కొందరు ఒక తెర మీద ప్రోగ్రాము నడుపుతూ రెండవ తెర మీద దాని తప్పులు వెతుక్కునేవారు.

ఇప్పుడు లిపి సంగతి. మోనోక్రోము కార్డులో అక్షరాల రూపాలు ఒక రామ్ కాని చిప్పులో, అంటే మార్చడానికి వీలులేని రోమ్‌లో, శాశ్వతంగా చెక్కబడి ఉండేవి. మొత్తం 256. ఆంగ్ల అక్షరాలు, కొన్ని ఐరోపా అక్షరాలు, గీతలు, పేకముక్కల గుర్తులు, నవ్వు ముఖాలు. ఆసియా లిపులకు అందులో చోటు లేదు. పోనీ రంగుల కార్డులో బొమ్మగా గీద్దామంటే ఎనిమిది చుక్కల ఎత్తులో ఏం గీస్తాం? "రాష్ట్రం"లోని "ష్ట్ర"ను తలచుకోండి. పైన తలకట్టు, నడుమ షకారం, కింద టవత్తు, దాని పక్కన రవత్తు. ఎనిమిది చుక్కల్లో ఇరికిస్తే ఒక మరక మిగులుతుంది.

సరిగ్గా ఇదే ఇబ్బంది వాన్ సువన్నుకుల్ అనే థాయి ఇంజినీరుకు ఎదురయింది. తన డాక్టరేటు పరిశోధనా వ్యాసాన్ని ఐబీఎం పీసీ మీద థాయి లిపిలో రాసుకోవాలని ఆయన కోరిక. థాయి లిపి కూడా బ్రాహ్మీ సంతతే. పల్లవుల లిపి నుంచి ఖ్మేరు మీదుగా అక్కడికి చేరింది. మన గుణింతాల వలెనే దానిలో అచ్చుల గుర్తులు హల్లుకు పైనా, కిందా, ముందూ, వెనుకా చేరతాయి. వాటి మీద మళ్ళీ స్వరభేదాన్ని చూపే గుర్తులు. ఒక కార్డులో రూపాలు మార్చడం కుదరదు, రెండవ దానిలో చుక్కలు చాలవు. ఆయన మూడవ కార్డు తయారుచేశాడు. ఐబీఎం మోనోక్రోము మానిటరు మీదనే 720 చుక్కల వెడల్పు, 348 చుక్కల ఎత్తున ప్రతి చుక్కనూ విడివిడిగా వెలిగించే కార్డు అది. మామూలు అక్షరాలు అడిగితే ఐబీఎం కార్డు వలెనే ప్రవర్తించేది. పేరు హెర్క్యులీస్. 1982లో 499 డాలర్లకు అమ్మకానికి వచ్చింది.

లోటస్ 1-2-3 అనే లెక్కల ప్రోగ్రాము 1983లో వచ్చి ఈ కార్డు మీద గ్రాఫులు గీయడం మొదలుపెట్టాక హెర్క్యులీస్ ఆఫీసుల నిండా వ్యాపించింది. అక్షరమూ బొమ్మా రెండూ ఒకే తెర మీద, స్పష్టంగా. దానిని కొన్న గుమాస్తాలలో ఎంతమందికి అది థాయి గుణింతాల కోసం పుట్టిందని తెలిసి ఉంటుంది? ప్రపంచంలో ఐబీఎం కార్డును తీసి మరొకరి కార్డు పెట్టుకునే అలవాటును విస్తృతంగా నేర్పిన వస్తువు ఇదేనని నా అభిప్రాయం. నాలుగేళ్ళ తరువాత, 1986లో, అదే సంస్థ అక్షరరూపాలను మనమే నింపుకోగల కార్డునూ తెచ్చింది. 256 అన్న గోడ అక్కడితో కూలింది.

అయితే ఇది సాధ్యం కావడానికి ఐబీఎం చేసిన ఒక పని కారణం. అది తన యంత్రపు విద్యుత్ పటాలనూ, బయాస్ ప్రోగ్రామునూ ఒక సాంకేతిక గ్రంథంగా అచ్చువేసి అమ్మింది. ఏ స్లాటులో ఏ పిన్ను ఏం చేస్తుందో ఎవరైనా కొని చదువుకోవచ్చు. యాపిల్ సంస్థ కథ ఇందుకు తిరగబడింది. 1977 నాటి యాపిల్ 2లో ఎనిమిది స్లాట్లు ఉన్నాయి. రెండు చాలునని స్టీవ్ జాబ్స్ అంటే, స్టీవ్ వోజ్నియాక్ పట్టుబట్టి ఎనిమిది పెట్టించాడు. 1984లో మాకింటాష్ వచ్చేనాటికి జాబ్స్ మాట నెగ్గింది. స్లాట్లు సున్న. పైగా పెట్టె విప్పాలంటే లోతైన రంధ్రాలలోకి దిగే, మామూలు ఇళ్ళలో దొరకని, పొడవాటి నక్షత్రపు మొన స్క్రూడ్రైవరు కావాలి. మరలలో కూడా ఒక తత్వశాస్త్రం ఉంటుందని నాకు ఆ స్క్రూడ్రైవరు గురించి చదివినప్పుడు తోచింది.

* * *

కొత్త కార్డు కొనుక్కొచ్చి రెడీమేడ్ డబ్బాలో పెట్టబోతే అది "నాకు తెలియదు" అని మొరాయించడం నేటి జబ్బని చాలామంది అనుకుంటారు. దీని వయస్సు గ్రాఫిక్స్ కార్డు వయస్సే. 1984లో ఐబీఎం 640 బై 350 చుక్కల్లో 16 రంగులు చూపగల ఈజీఏ కార్డును విడుదల చేసింది. ఆ కార్డు తన నడవడిని తన సొంత రోమ్‌లోనే మోసుకొచ్చేది. యంత్రం మేలుకోగానే బయాస్ స్లాట్లన్నీ వెతికి, అటువంటి రోమ్ కనబడితే దాని పని దాన్ని చేసుకోనివ్వాలి. 1981లో అమ్మిన తొలి పీసీల బయాస్‌కు ఈ వెతికే గుణం లేదు. 1982 అక్టోబరు 27 తేదీ గల బయాస్ చిప్పుతోనే అది వచ్చింది. అంటే మూడేళ్ళ కిందట వేల డాలర్లు పోసి కొన్న ఐబీఎం యంత్రంలో ఐబీఎం కార్డే పనిచేయదు, చిప్పు పెరికి కొత్తది గుచ్చుకుంటే తప్ప. గుచ్చుకున్నాక బోర్డు మీది చిన్న మీటల వరుసలో ఐదవదీ ఆరవదీ సరైన వైపు తిప్పాలి.

విద్యుత్తు మాట కూడా అప్పటిదే. మొదటి పీసీలోని ఎస్.ఎం.పి.ఎస్. శక్తి 63.5 వాట్లు. నేడు ఒక బల్బుకు ఎక్కువ, ఒక గ్రాఫిక్స్ కార్డుకు తక్కువ. హార్డు డిస్కు పెట్టుకోవాలనుకున్నవారు దానినీ మార్చుకోవలసివచ్చేది. 1983 మార్చిలో వచ్చిన ఎక్స్‌టీలో స్లాట్లు ఎనిమిదికి, వాట్లు 130కి పెరిగాయి. బయాస్, వాట్లు, చోటు: ఈ మూడు అవరోధాలూ తొలి మూడేళ్ళలోనే పుట్టి నేటికీ బతికే ఉన్నాయి.

1987 ఏప్రిల్లో ఐబీఎం మనసు మార్చుకుంది. తాను తెరిచిన తలుపులోంచి కాంపాక్ మొదలైనవారు లోనికి వచ్చి బజారును పంచుకుంటున్నారు. అందుకని పీఎస్/2 పేరిట కొత్త యంత్రాలు తెచ్చి, వాటిలో మైక్రో చానల్ అనే కొత్త రకం స్లాటు పెట్టింది. దానికి కార్డు చేయాలంటే లైసెన్సు తీసుకోవాలి. పాత కార్డులు అందులో దూరవు. అదే యంత్రాలతో వీజీఏ వచ్చింది. ఈజీఏలోని చివరి అక్షరం "అడాప్టరు"కు గుర్తు, వీజీఏలోని చివరి అక్షరం "అర్రే"కు. ఈ చిన్న మార్పులో పెద్ద సంగతి ఉన్నది. కార్డంతా కుదించి ఒక చిప్పు చేసి, మదర్‌బోర్డు మీదనే అతికించారు. స్లాటుతో పని లేని గ్రాఫిక్స్‌కు అది నాంది. 1988 సెప్టెంబరులో కాంపాక్ ముందుండగా తొమ్మిది సంస్థలు కలిసి ఈసా అనే పోటీ ప్రమాణాన్ని ప్రకటించాయి. ఐబీఎం స్లాటు క్రమంగా కాలగర్భంలో కలిసిపోయింది. వీజీఏ మాత్రం అందరూ అనుకరించగా బతికి బట్టకట్టింది. ఆ నీలిరంగు పదిహేను రంధ్రాల కనెక్టరును మనమందరం దశాబ్దాల పాటు వేలి గోళ్ళతో బిగించినవాళ్ళమే.

ఇక్కడ మన దేశానికి రావాలి. మన లిపులకు తెర మీద చోటు దొరికింది కూడా స్లాటు పుణ్యానే. ఐఐటీ కాన్పూరులో 1980ల తొలినాళ్ళలో మొదలైన పరిశోధన, 1988లో పుణే కేంద్రంగా ఏర్పడిన సీడాక్ చేతికి వచ్చి జిస్ట్ కార్డు అయింది. పీసీ స్లాటులో ఈ కార్డు గుచ్చితే డాస్ కింద నడిచే మామూలు ప్రోగ్రాములే తెలుగూ హిందీ కన్నడమూ చూపేవి. ప్రోగ్రాముకు తన తెర మీద ఉన్నది తెలుగని తెలియనే తెలియదు. అది అంకెలు పంపుతుంది, కార్డు వాటిని పోగుచేసి, ఏ హల్లు కింద ఏ ఒత్తు రావాలో తేల్చి, అక్షరం కట్టి చూపుతుంది. ఆ అంకెల ప్రమాణమే ఇస్కీ. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ దాన్ని ఆమోదించింది. అదే యేడు అక్టోబరులో యూనీకోడు మొదటి కూర్పు వెలువడింది. అందులో తెలుగుకు కేటాయించిన 128 గళ్ళ వరుస ఇస్కీ 1988 నాటి అమరికను అనుసరించినదే. ఇప్పుడు నేను రాస్తున్న, మీరు చదువుతున్న ఈ అక్షరాలకు ఆ కార్డు మేనత్త వరస అవుతుందన్నమాట.

జపానులో ఇదే కథ మరో తీరున నడిచింది. అక్కడ ఎన్‌ఈసీ సంస్థ 1982లో తెచ్చిన పీసీ-9801 యంత్రం కంజీ అక్షరాల రూపాలను చిప్పుల్లో పెట్టి ఇచ్చినందువల్ల ఏళ్ళ తరబడి ఆ దేశాన్ని ఏలింది. 1990లో ఐబీఎం జపాను శాఖ డాస్/వీ అనే కూర్పుతో, ప్రత్యేక కార్డు ఏదీ లేకుండా, మామూలు వీజీఏ మీద ఉత్త ప్రోగ్రాముతోనే కంజీ చూపించింది. చుక్కలు సరిపడా ఉంటే అక్షరానికి వేరే ఇనుము అక్కరలేదని తేలిపోయింది. మన దగ్గర కూడా విండోస్ వచ్చాక జిస్ట్ కార్డు అవసరం తీరింది. తరువాత మనం పడిన బాధ ఇనుముది కాదు, ఫాంట్లది. ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఫాంటు, ఒకరి తెలుగు మరొకరి తెరపై పిచ్చి గీతలు. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో యూనీకోడు తెలుగును చూపేదాకా ఆ బాధ తీరలేదు. ఆ పురాణం ఇక్కడివారికి కొత్తగా చెప్పనక్కరలేదు.

* * *

అక్షరం సమస్య తీరిపోయిన చోట ఆటల యుగం మొదలైంది. 1992లో ఇంటెల్ పీసీఐ స్లాటు ప్రమాణాన్ని విడుదల చేసింది. సెకనుకు 133 మెగాబైట్లు. 1996లో 3డీఎఫ్ఎక్స్ అనే కాలిఫోర్నియా సంస్థ వూడూ కార్డును తెచ్చింది. దీని అమరిక విచిత్రం. అది మామూలు బొమ్మలు చూపదు. పాత గ్రాఫిక్స్ కార్డును ఉండనిచ్చి, దాని నుంచి ఒక కేబులు తెచ్చి దీనికి తగిలించాలి. మామూలుగా పాత కార్డు బొమ్మ దీని గుండా మానిటరుకు పోతుంది. త్రిమితీయ ఆట మొదలవగానే ఇది తెరను తన చేతిలోకి తీసుకుంటుంది. రెడీమేడ్ డబ్బా కొన్నవాడికి ఇంతకన్న సులువైన ఉపాయం మరొకటి రాలేదు. ఉన్నదేదీ పీకనక్కరలేదు, ఒక ఖాళీ పీసీఐ స్లాటు ఉంటే చాలు. 1997లో గ్రాఫిక్స్‌కే ప్రత్యేకమైన ఏజీపీ స్లాటు వచ్చింది. 1999లో ఎన్విడియా తన జీఫోర్సు 256 కార్డును ప్రపంచపు తొలి జీపీయూ అని చాటుకుంది. మరుసటి యేడు డిసెంబరులో 3డీఎఫ్ఎక్స్ ఆస్తులను కొనేస్తున్నట్టు ప్రకటించింది.

అదే 1999లో మరో వైపు మరో పని జరిగింది. ఇంటెల్ 810 అనే చిప్‌సెట్టును విడుదల చేసింది. గ్రాఫిక్స్ అందులోనే కలిసి ఉంటుంది, సొంత జ్ఞాపకశక్తి లేక కంప్యూటరు ర్యామునే కొంత వాడుకుంటుంది. ధర తక్కువ. అది తప్పేమీ కాదు. చాలామంది గృహస్థులకు ఉత్తరాలూ లెక్కలే కదా పని. కాని ఆ చిప్‌సెట్టుతో ఏజీపీ స్లాటు పెట్టే వీలు లేదు. ఇవాళ అక్కరలేని వాడికి రేపు కావలసివస్తే దారి మూసి ఇచ్చినట్టే. మరుసటి యేడు వచ్చిన 815లో ఆ దారి తెరిచారు. 2002లో 845కు గ్రాఫిక్స్ కలిసిన కూర్పులు వచ్చినప్పుడు, ఒక కూర్పులో స్లాటు ఉంచి చవక కూర్పులో తీసేశారు. 865లోనూ అంతే. పెట్టె మీద ప్రాసెసరు పేరు పెద్ద అక్షరాలతో ఉండేది, చిప్‌సెట్టు పేరు చివరి అక్షరంలో ఉన్న మెలిక ఎక్కడా ఉండేది కాదు. ఇంటికి తెచ్చుకుని రెండేళ్ళ తరువాత మూత తీసిన రోజున మదర్‌బోర్డు మీద స్లాటు ఉండవలసిన చోట ఉత్త రాగి చుక్కలు మాత్రం కనబడేవి. అచ్చు వేసి, స్లాటు మాత్రం అతికించలేదన్నమాట. గుడి కట్టి విగ్రహం పెట్టకపోవడం వంటిది.

ఆ రోజుల్లో సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు ఇటువంటి డబ్బాలు మోసుకొచ్చేవారిని చాలామందిని చూశాను. దుకాణం కుర్రవాడు మూత తీసి, ఒక్క చూపు చూసి, "దీంట్లో ఏజీపీ లేదు సార్, పీసీఐ కార్డే పెట్టాలె" అనేవాడు. జీఫోర్సు ఎఫ్‌ఎక్స్ 5200కు అటువంటి పీసీఐ కూర్పు ఉండేది. కొత్త గుర్రాన్ని పాత బండికి కట్టడమే, కాని బండి కదిలేది. మన ఊళ్ళలో అసెంబుల్డ్ సిస్టం సంస్కృతి అంతగా పాతుకుపోవడానికి ధర ఒక్కటే కారణం కాదని నేననుకుంటాను. బ్రాండెడ్ డబ్బా కొన్నవాడు ఎక్కడ చిక్కుకుంటాడో పక్కింటివాడు చూశాడు. ఢిల్లీ నెహ్రూ ప్లేసు, మద్రాసు రిచీ స్ట్రీటు, బెంగుళూరు ఎస్పీ రోడ్డు, బొంబాయి లామింగ్టన్ రోడ్డు, అన్ని చోట్లా ఒకటే ఉపదేశం: స్లాట్లు చూసి కొనుక్కో.

అసెంబుల్డ్ మార్గంలో మాత్రం అంతా సవ్యమని కాదు. కేబినెట్టుతో పాటు ఉచితంగా వచ్చే ఎస్.ఎం.పి.ఎస్. మీద 450 వాట్లని ఉంటుంది. తూకం చూస్తే బెండులా ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డుకు కావలసింది 12 వోల్టుల తీగ మీద వచ్చే విద్యుత్తు, మొత్తం అంకె మీద ఆధారపడితే పొగే. రెడీమేడ్ డబ్బాలలో ఎస్.ఎం.పి.ఎస్. చిన్నదైనా రాసిన అంకె నిజమై ఉండేది. ఆ మాట ఒప్పుకోవాలి. అయితే దానికో మరో మెలిక. 1990ల చివర ఒక పెద్ద అమెరికా సంస్థ, చూపులకు అచ్చం ప్రమాణబద్ధంగా ఉండే కనెక్టరులో తీగల క్రమం మాత్రం మార్చివేసింది. బజారులో దొరికే మంచి ఎస్.ఎం.పి.ఎస్. తెచ్చి పెట్టుకుంటే అది సులువుగా దూరుతుంది, స్విచ్చి వేయగానే బోర్డు కాలుతుంది. ఆకారం వేరుగా ఉంటే మనిషి జాగ్రత్తపడతాడు. ఆకారం ఒకటే ఉంచి లోపల మార్చడాన్ని ఏమనాలో పాఠకులే నిర్ణయించుకోవచ్చు.

2006 నవంబరులో వ్యాపారసంస్థలకు, 2007 జనవరిలో ఇళ్ళకు విండోస్ విస్టా వచ్చింది. దాని గాజు కిటికీల సొగసు చూడాలంటే మంచి గ్రాఫిక్స్ ఉండి తీరాలి. అంతకు కొన్ని నెలల ముందు నుంచే "విస్టాకు తగినది" అనే చీటీలు అతికించిన కంప్యూటర్లు అమ్మారు. వాటిలో కొన్నింటిలో ఉన్నది ఇంటెల్ 915 చిప్‌సెట్టు. అది విస్టా కొత్త చిత్రణా పద్ధతికి తగదు. 2007లో సియాటిల్‌లో కొన్నవారు దావా వేశారు. 2008లో బయటపడిన సంస్థ అంతర్గత ఉత్తరాలలో సొంత ఉద్యోగులే ఆ చీటీ గురించి అసంతృప్తి వెలిబుచ్చిన సంగతి లోకానికి తెలిసింది. 2009లో న్యాయస్థానం ఆ దావాకు సామూహిక హోదా తొలగించింది. ఒక చీటీ అంత దూరం పోగలదని అంతకు ముందు ఎవరూ అనుకోలేదు.

ఈలోగా స్లాటు మళ్ళీ మారింది. 2004 నుంచి మదర్‌బోర్డుల మీదికి పీసీఐ ఎక్స్‌ప్రెస్ వచ్చింది. ఈ పొడుగాటి స్లాటు ఒక్కటే 75 వాట్లు ఇవ్వగలదు. అందులో 12 వోల్టుల మీద 66 వాట్లు. అంతకు మించి కావాలంటే ఎస్.ఎం.పి.ఎస్. నుంచి విడిగా తీగ రావాలి. ఆరు పిన్నులదైతే మరో 75, ఎనిమిది పిన్నులదైతే 150. రెడీమేడ్ డబ్బాలో ఆ తీగ ఉండదు. కాబట్టి డబ్బా యజమాని ప్రపంచానికి ఎల్ల 75 వాట్లు. ఈ అంకె ఒక ఆచారంగా స్థిరపడడం చూడముచ్చటగా ఉంటుంది. 2014 ఫిబ్రవరిలో వచ్చిన జీటీఎక్స్ 750 టీఐ 60 వాట్లతో, తీగ లేకుండా, ఆఫీసు డబ్బాలను ఆటల పెట్టెలుగా మార్చింది. 2016లో 1050 టీఐ, 2019లో 1650, 2024 ఫిబ్రవరిలో 70 వాట్ల 3050 ఆరు గిగాబైట్ల కూర్పు, అన్నీ ఆ గీత లోపలే. ఒకవైపు 2022 నుంచి ఒక్క కనెక్టరు గుండా 600 వాట్ల వరకు తీసుకునే ఏర్పాటు వచ్చింది. మరోవైపు ఈ పేదింటి 75 వాట్ల వంశం చెక్కుచెదరకుండా సాగుతోంది. నాకు ఈ రెండవ వంశం మీదనే గౌరవం.

మా మేనల్లుడి డబ్బా ఈ కోవలోదే. ఒక పెద్ద కంపెనీ ఆఫీసుల కోసం చేసిన సన్నపాటి పెట్టె, 2013 నాటిది, 240 వాట్లది. పేరు ఎందుకులెండి. సన్నపాటి పెట్టెలో మామూలు కార్డు నిలువునా పట్టదు, సగం ఎత్తు ఉన్నది కావాలి. వెనుక రేకు కూడా సగం ఎత్తుది. స్కేలు పెట్టి కొలిచి, పక్క స్లాటుకూ ఎస్.ఎం.పి.ఎస్.కూ నడుమ ఎంత సందు ఉన్నదో చూసి కార్డు తెప్పించాం. పెట్టాక తెర నల్లగా ఉండిపోయింది. విండోస్ 8 కాలం నుంచి రెడీమేడ్ డబ్బాలలో సెక్యూర్ బూటు అనే కావలివాడు కూర్చున్నాడు. కార్డులోని రోమ్ మీద తనకు తెలిసిన సంతకం లేకపోతే లోనికి రానివ్వడు. 1981 నాటి బయాస్ స్లాటులో వెతకడమే తెలియనిది, ఇది వెతికి మరీ గుర్తింపు కార్డు అడుగుతుంది. పాత కార్డు సాయంతో సెట్టింగులలోకి వెళ్ళి కావలివాణ్ణి పక్కకు జరిపాక బొమ్మ వచ్చింది. అంతకు ముందే, స్క్రూ మీద అతికించిన "ఇది చిరిగితే వారంటీ చెల్లదు" అన్న చీటీని గోటితో తీస్తూ పిల్లవాడు అడిగాడు: "మామయ్యా, డబ్బులిచ్చి కొన్నాం కదా, మూత తీయడానికి వాళ్ళ పర్మిషన్ దేనికి?" వారంటీ తీరి ఏళ్ళయింది. ప్రశ్న మాత్రం తీరలేదు.

అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఉన్నది. ఫలానా వారి విడిభాగమే, ఫలానా వారి మరమ్మతే వాడాలని వారంటీకి షరతు పెట్టకూడదని అది అంటుంది. 2018 ఏప్రిల్లో అక్కడి వాణిజ్య కమిషను ఇటువంటి చీటీలూ షరతులూ పెట్టిన ఆరు సంస్థలకు హెచ్చరిక లేఖలు పంపింది. చట్టానికీ లేఖకూ నడుమ నలభై మూడేళ్ళు. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కుపై ఒక సంఘాన్ని వేసి, డిసెంబరులో ఒక పోర్టలును ప్రారంభించింది. ఈ చర్చలన్నీ "మరమ్మతు" అన్న మాట చుట్టూ తిరుగుతాయి. చెడిపోయినదాన్ని బాగుచేసుకునే హక్కు అందరికీ సులువుగా అర్థమవుతుంది. బాగానే ఉన్నదాన్ని పెంచుకునే హక్కు గురించి ఎవరూ అంతగా మాట్లాడరు. స్లాటు ఉన్న కాలంలో ఆ హక్కుకు పేరు అవసరం లేకపోయింది, అది బోర్డు మీద కంటికి కనబడుతూనే ఉండేది.

2020, 2021 సంవత్సరాల కరువులో ఈ వ్యవహారం తలకిందులైంది. క్రిప్టో నాణేలు తవ్వేవారూ, ఇళ్ళలో చిక్కుబడిన జనమూ, చిప్పుల కొరతా ఒక్కసారే వచ్చి గ్రాఫిక్స్ కార్డులు అసలు ధరకు రెట్టింపయినా దొరకకుండా పోయాయి. రెడీమేడ్ కంప్యూటర్ల తయారీదారులకు మాత్రం టోకున కార్డులు అందేవి. దాంతో జనం మొత్తం డబ్బా కొని, కార్డు ఊడదీసుకుని, మిగిలినది అమ్మేయడం మొదలుపెట్టారు. దశాబ్దాల పాటు డబ్బా కోసం కార్డు కొన్న లోకం ఆ రెండేళ్ళూ కార్డు కోసం డబ్బా కొన్నది. మరుసటి యేడు ఏఎండీ తెచ్చిన 53 వాట్ల ఆర్‌ఎక్స్ 6400 చిన్న డబ్బాలకు వరమనిపించింది. కాని దానికి నాలుగే దారులు, అవీ నాలుగవ తరం స్లాటును లెక్కలో పెట్టుకుని. మూడవ తరం స్లాటున్న పాత డబ్బాలో ఆ దారుల వేగం సగమవుతుంది. ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువ ఫలితం.

కార్డు వాడకం కూడా మారిపోయింది. 2012లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ క్రిజెవ్‌స్కీ, ఇల్యా సట్స్‌కేవర్, జెఫ్రీ హింటన్ బొమ్మలను గుర్తుపట్టే పోటీలో అందరినీ ఓడించిన నాడీజాలాన్ని నేర్పింది రెండు జీటీఎక్స్ 580 కార్డుల మీద. ఆటల దుకాణంలో ఎవరైనా కొనుక్కోగల కార్డులవి. స్లాట్లు లేని లోకంలో ఆ ప్రయోగం ఎలా జరిగి ఉండేదో ఊహించడం కష్టం.

అక్షరం మాత్రం నిశ్శబ్దంగా మళ్ళీ కార్డు దగ్గరికే చేరింది. 2009లో విండోస్ 7తో వచ్చిన డైరెక్ట్‌రైట్ పద్ధతి, 2011 నాటి బ్రౌజర్లు, పుటను తెర మీద పరిచే పనిని గ్రాఫిక్స్ చిప్పుకు అప్పగించడం మొదలుపెట్టాయి. ఏ హల్లు కింద ఏ ఒత్తు అన్న నిర్ణయం ఇప్పుడు ప్రోగ్రాముది. ఆ ఆకారాన్ని తెరకెక్కించడం చాలా యంత్రాలలో జీపీయూది. జిస్ట్ కార్డు ఒక్కతే చేసిన రెండు పనులనూ ఇప్పుడు ఇద్దరు పంచుకున్నారు.

జిస్ట్ కార్డు గుచ్చిన యంత్రం మీద తెలుగు టైపు చేసినవారు మన మిత్రులలో ఎవరైనా ఉంటే, ఏ ఆఫీసులో, ఏ పని మీద వాడారో, తెర మీద "క్ష్మ" ఎలా కనబడేదో చెబితే వినాలని ఉంది. ఆ కార్డు ఫొటో ఎవరి అటకల మీదనైనా ఉంటే మరీ సంతోషం.